చెక్క ఒళ్లున్న అమెరికన్ కన్వర్టిబుల్ అమ్మకానికి ఉంది: "రేర్" అన్న మాటకి డబ్బులివ్వాలా?

ఈరోజు కొత్త కారు లాంచ్ కాదు, మైలేజ్ టెస్ట్ కాదు. ఇవాళ ఒక అమ్మకం యాడ్‌ని ఎలా చదవాలో చూద్దాం. యాడ్‌లో ఉండేది ఒక్క లైను. "రేర్ వింటేజ్ అమెరికన్ కన్వర్టిబుల్, ఉడ్ సైడ్స్, ఫర్ సేల్." అంతే. కింద ఒక ఫోటో. టాప్ తీసేసిన పొడుగాటి కారు, డోర్ల మీద తేనె రంగు చెక్క, ఎండలో మెరిసిపోతూ ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇలాంటివి ఫోన్‌లో కనపడుతూనే ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పడేస్తారు, "బావా, ఇది చూశావా" అని. బాగుంది, చూద్దాం. కానీ ఆ ఒక్క లైను వెనకాల కనీసం మూడు రకాల బండ్లు ఉండొచ్చు. ఒకటి లక్ష డాలర్లు దాటగలిగే బండి. ఇంకోటి మామూలు సెకండ్ హ్యాండ్ కారు ధరకే దొరికే బండి. రెండూ రేరే. రెండిటికీ పక్కల చెక్కే కనపడుతుంది. మరి ఎందుకంత తేడా? అదే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు అసలు కారుకి చెక్క ఎందుకొచ్చిందో చూద్దాం. ఇప్పుడు మనకది స్టైల్‌లా కనపడుతుంది కానీ మొదట్లో స్టైల్ కాదు, అవసరం. రైల్వే స్టేషన్ నుంచి మనుషుల్ని, పెట్టెల్ని మోసే బండ్లకి వెనక భాగం చెక్కతో కట్టేవాళ్లు. స్టేషన్ వ్యాగన్ అనే పేరే అక్కడి నుంచి వచ్చింది. తక్కువ సంఖ్యలో చేసే బాడీకి స్టీల్ అచ్చులు పోయించాలంటే ఖర్చు ఎక్కువ. వడ్రంగితో పని అయిపోతుంది. ఈ చెక్క బండ్లని అమెరికన్లు ముద్దుగా వుడీ అంటారు.

ఇప్పుడు 1942కి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం. ఆ ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కొనే కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామాను చేశాయి. 1945లో యుద్ధం అయిపోయాక జనం చేతిలో డబ్బుంది, కొత్త కారు కావాలి. కంపెనీల దగ్గరేమో కొత్త డిజైన్ లేదు. 1942 నాటి కారుకే గ్రిల్లు మార్చి, కాస్త మెరుగులు దిద్ది అమ్మారు. షోరూమ్‌కి జనాన్ని లాగే కొత్త ముక్క ఒకటి కావాలి కదా?

ఫోర్డ్‌కి అది వాళ్ల సొంత అడవిలోనే దొరికింది. మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన ఫోర్డ్‌కి అడవులున్నాయి, ఐరన్ మౌంటెన్ అనే ఊరి దగ్గర చెక్క పని ఫ్యాక్టరీ ఉంది. ఆ ఫ్యాక్టరీ కథే ఒక ఎపిసోడ్ అవుతుంది. మిగిలిపోయిన చెక్క ముక్కల్ని బొగ్గు చేసి, అచ్చుల్లో నొక్కి, ఇటుకల్లా అమ్మేవాళ్లు. అమెరికాలో బార్బెక్యూ చేసే మనవాళ్లు కొనే కింగ్స్‌ఫోర్డ్ బొగ్గు పుట్టిల్లు అదే. యుద్ధంలో అదే చోట సైనికుల్ని దింపే గ్లైడర్ విమానాలు చేశారు. వాటిలోనూ చెక్కే ముఖ్యం. యుద్ధం అయిపోయింది, చెయ్యి తిరిగిన పనివాళ్లున్నారు, మాను ఉంది. దాంతో ఫోర్డ్ కన్వర్టిబుల్‌కి డోర్లు, వెనక పక్కలు, డిక్కీ మూత చెక్కతో చేశారు. పేరు స్పోర్ట్స్‌మన్. బాబ్ గ్రెగొరీ అనే డిజైనర్ చేతిలో తయారైంది. 1946 నుంచి 1948 వరకు సుమారు 3,500 మాత్రమే చేశారు. మెర్క్యురీ బ్రాండ్ మీద చేసినవైతే 205 బండ్లే.

ఒక చిన్న విషయం చెప్తా, చాలా మంది గమనించరు. చెక్క బాడీ ఆకారానికి అప్పటి మామూలు ఫోర్డ్ వెనక మడ్‌గార్డ్ సరిపోలేదు. అందుకని 1941 నాటి డెలివరీ వ్యాన్ మడ్‌గార్డ్, దాని టెయిల్ లైట్ తెచ్చి పెట్టారు. కాబట్టి నిజం స్పోర్ట్స్‌మన్‌కి వెనక లైట్లు అప్పటి మామూలు ఫోర్డ్ కన్వర్టిబుల్ లైట్లలా ఉండవు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్రైస్లర్ దగ్గర ఇంకా పెద్ద బండి ఉంది. పేరు టౌన్ అండ్ కంట్రీ. అంటే పట్నంలోనూ పల్లెలోనూ తిరిగే బండి అని. 1941లో వ్యాగన్‌గా మొదలైంది. యుద్ధం తర్వాత 1946 నుంచి 1948 వరకు చెక్క పక్కల కన్వర్టిబుల్‌గా 8,000 పైచిలుకు చేశారు. వరసగా 8 సిలిండర్ల ఇంజిన్, 135 హార్స్‌పవర్, బరువు దాదాపు 2 టన్నులు. పరిగెత్తే బండి కాదు, ఊరేగే బండి. దీని ఫ్రేమ్ యాష్ అనే తెల్లటి గట్టి చెక్క. బేస్‌బాల్ బ్యాట్లు దాంతో కూడా చేస్తారు. మధ్యలో పలకలకి ముదురు ఎరుపు మహాగని. జాయింట్లు చూస్తే మతిపోతుంది. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు, చెక్క కొసలకి పళ్లు కోసి బిగించారు.

ఇక్కడో మెలిక ఉంది. 1947లో క్రైస్లర్ ఆ మహాగని పలకల్ని మానేసి, స్టీల్ మీద డైనాక్ అనే ఫిల్మ్ అంటించడం మొదలెట్టింది. మహాగని బొమ్మ ఉన్న స్టిక్కర్ అనుకోండి. ఫ్రేమ్ మాత్రం నిజం యాష్ చెక్కే. కాబట్టి 1948 టౌన్ అండ్ కంట్రీలో పలక మీద ఫిల్మ్ కనపడితే "ఫేక్ బ్రో" అని ఎగరొద్దు. ఫ్యాక్టరీలోనే అలా వచ్చింది.

మరి ఇంత అందమైన బండ్లు ఎందుకు ఆగిపోయాయి? మన ఇంట్లో వానాకాలం తలుపు ఉబ్బి పట్టేస్తుంది కదా, ఎండాకాలం సందులు తేలతాయి కదా? అదే కథ ఇక్కడ కూడా. చెక్క ఊపిరి పీలుస్తుంది. ఎండకీ వానకీ కదులుతుంది. వార్నిష్ ఊరికే పోతుంది, గీకి మళ్లీ వేయాలి. కారు కొన్నవాడు పడవ యజమానిలా బతకాలి. పైగా స్టీల్ బాడీ చవకైంది, గట్టిగా ఉంది, చప్పుడు చేయదు.

అందుకే 1950లు, 60లకి వచ్చేసరికి చెక్క బండి ఎవరికీ అక్కర్లేకపోయింది. కాలిఫోర్నియాలో సర్ఫింగ్ కుర్రాళ్లు పాత వుడీ వ్యాగన్లు చవగ్గా కొనుక్కుని, అంత పొడుగు బోర్డుల్ని అందులో పెట్టుకుని బీచ్‌కి పోయేవాళ్లు. అప్పటికీ బండ్లు తక్కువే ఉన్నాయి, కానీ ధర లేదు. ఈ పాయింట్ పట్టుకోండి ఫ్రెండ్స్. తక్కువ ఉండటం ఒక్కటే ధర తేదు.

దీనికి అసలైన రుజువు మూడో బండి. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోతో అమెరికన్ కన్వర్టిబుల్ కథ ముగిసిందన్నారు. దివాలా అంచు దాకా వెళ్లిన క్రైస్లర్‌ని నిలబెట్టిన లీ అయకోకా 1982లో లబారన్ కన్వర్టిబుల్‌తో దాన్ని మళ్లీ తెచ్చాడు. 1983లో దానికి పాత జ్ఞాపకం తగిలించి "టౌన్ అండ్ కంట్రీ" కన్వర్టిబుల్ వదిలారు. పక్కల మళ్లీ చెక్క! కానీ ఈసారి మొత్తం వినైల్ స్టిక్కర్, చుట్టూ యాష్ చెక్కలా కనపడే ప్లాస్టిక్ పట్టీలు. చిన్న కారు, ముందు చక్రాల డ్రైవ్, 4 సిలిండర్లు. 1986 వరకు నాలుగేళ్లలో సుమారు 3,700 చేశారు.

ఇప్పుడు లెక్క వేయండి. 1946-48 నిజం చెక్క టౌన్ అండ్ కంట్రీ 8,000 పైనే. 1983-86 స్టిక్కర్ టౌన్ అండ్ కంట్రీ 3,700. అంటే స్టిక్కర్ బండే ఎక్కువ రేర్! కానీ నిజం చెక్కది బాగా చేసి ఉంటే లక్ష డాలర్ల దగ్గర, అంతకు పైన కూడా పలుకుతుంది. స్టిక్కర్ బండి కొన్ని వేల డాలర్ల స్థాయిలోనే తిరుగుతుంది. జనం డబ్బిచ్చేది సంఖ్యకి కాదు. ఒక వడ్రంగి ఆ డోర్ మీద పెట్టిన గంటలకి, ఇన్నేళ్లు దాన్ని కాపాడిన వాళ్ల ఓపికకి ఇస్తున్నారు.

అలాగని లబారన్‌ని తీసిపారేయట్లేదు నేను. వారాంతం సరదాగా తిరగడానికి, మొదటి పాత కారుగా నేర్చుకోవడానికి అది మంచి బండి. వానొస్తే గుండె ఆగదు. కాకపోతే దాన్ని దాని ధరకే కొనండి. "టౌన్ అండ్ కంట్రీ, వెరీ రేర్" అనే పేరుకి ఎక్కువ ఇవ్వొద్దు. పేరు ఒకటే, బండి వేరు.

సరే, ఇప్పుడు పనికొచ్చే పార్ట్. యాడ్ నచ్చింది, ఏం చేయాలి?

మొదటిది, ఇయర్ అడగండి. 1940ల బండా, 1980ల బండా. యాడ్‌లో ఇయర్ రాయకుండా "వింటేజ్" అని మాత్రమే రాస్తే అక్కడే ఆగండి.

రెండోది, ఫోటోలు. ఫిల్టర్ లేకుండా, పగటి వెలుగులో, డోర్ల కింది అంచులు దగ్గర నుంచి తీసి పంపమనండి. నీళ్లు చేరేది కిందికే. చెక్కకి స్టీల్ బోల్టు తగిలే చోట నల్లటి మరక ఉంటే, లోపలికి తడి వెళ్లిందని అర్థం. పైకి కొత్త వార్నిష్ నిగనిగలాడుతూ, జాయింట్ దగ్గర మాత్రం నల్లగా ఉంటే ఇంకా జాగ్రత్త.

మూడోది, వీడియో కాల్‌లో డోర్ తీసి వేయమనండి. ఎత్తి మూయాల్సి వస్తోందా? డోర్ వేలాడుతోందంటే జాయింట్లు వదులైనట్టు. కన్వర్టిబుల్‌కి పైన స్టీల్ కప్పు పట్టు లేదు కాబట్టి ఆ లూజు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. క్లాత్ టాప్ మడిచే చోట, వెనక మూలల్లో కూడా చూపించమనండి. టాప్ కారితే నీళ్లు నేరుగా వెనక చెక్కలోకే దిగుతాయి.

నాలుగోది, బొటనవేలు. డబ్బు ఇచ్చే ముందు మనిషి వెళ్లి చూడాల్సిందే. వేలితో నొక్కితే మెత్తగా దిగితే అది చెక్క కాదు, ఖర్చు. ఇంజిన్ పాడైతే బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు. చెక్క మళ్లీ చేయాలంటే ఆ పని తెలిసినవాళ్లు బహు కొద్దిమంది, బిల్లు పదుల వేల డాలర్లకి పోతుంది. ఈ బండికి ఇంజిన్ కంటే ఒళ్లే ఖరీదు.

ఐదోది, అసలుదేనా అన్నది. మామూలు ఫోర్డ్ కన్వర్టిబుల్‌కి తర్వాత చెక్క తగిలించిందా? ఇందాక చెప్పిన వెనక లైట్లు చూడండి. సీరియల్ నంబర్, టైటిల్ కాగితం మీద నంబర్ కలుస్తున్నాయా చూడండి. అమెరికాలో నేషనల్ వుడీ క్లబ్ అని ఉంది, అలాంటి చోట పాతకాపుల్ని అడగండి. వాళ్లు చెప్పే వరకు అడ్వాన్స్ పంపొద్దు. "ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఇవాళే వేసేయ్" అంటే, ఆ పార్టీకే ఇచ్చేయమనండి.

చివరగా, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, ఇండియాకి తెచ్చుకోవచ్చా?" 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం మన దగ్గర 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. 1940ల బండి ఆ లెక్కలోకి వస్తుంది. 1983 లబారన్ 2033 దాకా ఆగాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. కానీ ఆ బండిని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు. షోలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, అంతవరకే. కస్టమ్స్ సుంకం, ఓడ ఖర్చు వేరే. ఇవన్నీ తేలినా, మన వానాకాలం ఆ చెక్కని వదలదు. అది పుట్టిన చోటే చూడ్డం మేలు. కాలిఫోర్నియాలో ఉంటే సెప్టెంబర్‌లో ఎన్సినిటాస్ బీచ్ దగ్గర వేవ్‌క్రెస్ట్ అనే వుడీ మీట్ జరుగుతుంది. సముద్రం పక్కన వరసగా నిలబెడతారు. వెళ్లి, ఓనర్లతో మాట్లాడండి. యాడ్‌లు వంద చూసినా తెలియనిది, ఆ జాయింట్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి యాడ్‌లో "రేర్" అని కనపడితే "ఎన్ని ఉన్నాయి" అని అడగొద్దు. "దీని మీద ఎవరి చెయ్యి పడింది, ఇన్నేళ్లు ఎవరు చూసుకున్నారు, ఇప్పుడు ఎలా ఉంది" అని అడగండి. ఆ మూడిటికి జవాబు చెప్పలేని బండికి, ఎంత మెరిసినా, మన కష్టార్జితం పెట్టక్కర్లేదు.

గ్రూప్‌లో ఇలాంటి స్క్రీన్‌షాట్లు పెట్టే బావ ఎవరైనా ఉంటే, వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.