పలకని పెట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నాకు చూపు పూర్తిగా పోయింది. మాస్టారు బోర్డు మీద రాసింది పక్కనున్న మిత్రుడు నా చెవిలో చదివేవాడు. వాడు బడికి రాని రోజు నాకు బోర్డు ఖాళీయే. ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ పని స్క్రీన్ రీడర్ చేస్తోంది. నేను వాడేది ఎన్‌వీడీఏ. అంధుడైన మైకేల్ కర్రన్ 2006లో ఆస్ట్రేలియాలో దీన్ని మొదలుపెట్టారు. ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది.

అది తెరను చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు. చూడదు, అడుగుతుంది. ‘నీలో ఏం రాసి ఉంది? కర్సర్ ఎక్కడుంది?’ అని అడిగితే విండోస్‌లోని మామూలు ఎడిట్ పెట్టె జవాబు చెబుతుంది. కొందరు ప్రోగ్రామర్లు దాన్ని వదిలి సొంత పెట్టె తయారుచేస్తారు. కంటికి రెండూ ఒకటే. నా చెవికి మాత్రం రెండోది మూగది.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో కొత్త ప్రోగ్రాం పెట్టారు. ఫిర్యాదులు రాసే పెట్టెలో బాణం మీటలు ఎంత నొక్కినా ఒక్క అక్షరం పలకలేదు. నన్ను ఫోన్లు ఎత్తే పనికి మారుద్దామన్నారు. అది చిన్న పనని కాదు, చేతనైన పని చేజారిపోతోందని నా బాధ. వారం గడువు అడిగాను.

ఇన్సర్ట్‌తో ఎఫ్1 నొక్కితే ఎన్‌వీడీఏ ఆ పెట్టె వివరాలు లాగ్‌లో చూపిస్తుంది. క్లాస్ పేరు ‘ఎడిట్’ కాదు, ఇంకేదో ఉంది. లోపల మాత్రం మామూలు ఎడిట్ పెట్టే! పేరు మారినందుకు గుర్తుపట్టలేదు, అంతే. ఎన్‌వీడీఏలో ఏ ప్రోగ్రాంకైనా దాని ఫైలు పేరుతోనే పైథాన్‌లో చిన్న యాప్ మాడ్యూల్ రాసుకోవచ్చు. నేను రాసింది పది వరుసలే. సారం ఒక్కటే: ‘ఈ పేరు కనబడితే ఎడిట్ పెట్టె అనుకో.’ పేరులో ఒక పెద్ద అక్షరం బదులు చిన్నక్షరం కొట్టి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. మూడో రాత్రి పెట్టె పలికింది. నా కుర్చీ నాకు మిగిలింది.

అన్నీ ఇంత తేలిగ్గా లొంగవు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోని సింటిల్లా పెట్టెను దాని సొంత సందేశాలతోనే అడగాలి. ఎన్‌వీడీఏకు ఆ భాష ముందే నేర్పారు. కొన్ని పెట్టెలు ఏ భాషలో అడిగినా పలకవు. అప్పుడు విండోస్ తెర మీద గీస్తున్న అక్షరాలనే పట్టుకోవాలి. కానీ పైకి జరిగిపోయిన వరుస అందులో దొరకదు. కొత్త పద్ధతుల్లో గీసే అక్షరాలకు ఆ దారి కూడా ఉండకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన బడి పిల్లలకు ఒక్క విన్నపం. వీలైనంతవరకు మామూలు పెట్టెలే వాడండి. సొంతంగా చేయక తప్పకపోతే, అడిగినప్పుడు జవాబు చెప్పేలా చేయండి. మీ ప్రోగ్రాం బయటికి పంపే ముందు తెర ఆపేసి, ఎన్‌వీడీఏ పెట్టుకుని ఒక్క పేజీ రాసి చూడండి. నాకు బెంచీ మీద దొరికిన మిత్రుడు అందరికీ దొరకడు.

సెలవు.