కార్యాలయము మూసిన పిదప

బ్యాంకు తలుపులు మూయబడిన పిదప గుమాస్తాలు ఇండ్లకు పోవుదురు. కాని బ్యాంకు పని ముగియదు. ఆనాటి జమాఖర్చులు సరిపోల్చవలయును, వడ్డీ కట్టవలయును, మరునాటి లెక్క తెరవవలయును. పూర్వము చిట్టా, ఆవర్జాలు ముందుంచుకొని మనుష్యులే చేసిన యీ పనిని నేడు కంప్యూటరు చేయుచున్నది. తెరముందు ఎవరును కూర్చుండ నక్కరలేకుండ, పనులను కట్టలుగా కట్టి వరుసగా నడపించు ఈ విధానమునకు 'బ్యాచ్' పద్ధతి యని పేరు. అందలి రకములను గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

ఇది క్రొత్త పద్ధతి కాదు. తేనీటిశాలలకు పేరుగన్న ఇంగ్లండు దేశపు లయన్స్ కంపెనీవారు 'లియో' యను కంప్యూటరును స్వయముగా నిర్మించుకొని, 1951 నవంబరులో తమ రొట్టెల కార్ఖానాల ఉత్పత్తి విలువను దానిచే లెక్కింపజేసిరి. వారమునకు ఒకమారు కాగితములన్నియు ఒకచోట చేర్చి యంత్రమున కప్పగించుటయే ఆ పని. మన దేశమున నేడును ఈ విధానము కలదు. 'ఆర్.టి.జి.ఎస్.' పద్ధతిలో పంపిన సొమ్ము ఒక్కొక్కటిగా అప్పటికప్పుడే చెల్లును. 'నెఫ్ట్' పద్ధతిలోనిదో, అరగంట కొక కట్టగా చెల్లును. 2019 డిసెంబరు 16 నుండి ఈ కట్టలు రేయింబవళ్ళు నడచుచున్నవి. దినమునకు నలుబది యెనిమిది.

ఈ పనులు ఎట్లు మొదలగునో దానినిబట్టి వానిని నాలుగు తెగలుగా విభజింపవచ్చును. గడియారము ననుసరించునవి మొదటి తెగ. 2010 ఏప్రిల్ 1 నుండి మన పొదుపు ఖాతాలకు ఏనాటి నిలువపై ఆనాటి వడ్డీ లెక్కకట్టవలెనను నియమము వచ్చినది. కోట్ల ఖాతాలకు ప్రతిదినమును ఇట్లు గుణించుట రాత్రిపూట నడచు పనులకే సాధ్యము. ముందటి పని ముగిసినగాని కదలనివి రెండవ తెగ. హాజరు లెక్క తేలిననే జీతము తేలును. జీతము తేలిననే బ్యాంకునకు జాబితా పోవును. ఒక సంకేతమునకై కాచుకొనియుండునవి మూడవ తెగ. వేరొక కార్యాలయమునుండి రావలసిన పట్టిక చేరగానే యివి మేల్కొనును. ఉద్యోగి కోరగానే మొదలై, అతడు తన యితర పనులు చూచుకొనుచుండగా వెనుక సాగునవి నాలుగవ తెగ. సంవత్సరపు అమ్మకముల నివేదిక యిట్టిది.

పనులు పెక్కు ఒకేసారి ముసురుకొన్నపుడు దేనికి ముందు తావీయవలెను? జర్మనీ దేశపు శాప్ సంస్థవారి వ్యాపార సాఫ్ట్‌వేరులో ఎ, బి, సి యని మూడు తరగతులు గలవు. అత్యవసరమైనవి 'ఎ' తరగతిలో ముందుగా పోవును. ప్రత్యేకముగా కోరనిచో పనికి 'సి' తరగతియే లభించును. అందరును తమ పనియే తొందర యని 'ఎ' తరగతి కోరినచో తరగతులకు అర్థమే యుండదు.

వరుస తప్పిన నేమగునో 2012లో బ్రిటన్ చూచినది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ కూటమివారు ఆ జూను మాసమున, ఈ పనుల వరుసను నడపు సాఫ్ట్‌వేరును మార్చిరి. చిక్కులు కనబడగా మార్పును రద్దుచేసి పాతదానికి మరలిరి. అట్లు మరలుటవలన నేమగునో ముందుగా పరీక్షించి చూడలేదు. పాతది క్రొత్తదానితో పొసగక, పనులు నిలిచిపోయెను. అరువదియైదు లక్షలకు పైబడిన ఖాతాదారులు కొన్ని వారములు ఇక్కట్ల పాలైరి. కొందరికి తమ నిలువ ఎంతయో తెలియలేదు. కొందరు విదేశములలో చేత డబ్బులేక చిక్కుకొనిరి. కొన్ని సంస్థలు తమ పనివారికి జీతములీయలేకపోయెను. 2014 నవంబరులో నియంత్రణాధికారులు ఆ బ్యాంకులకు 5 కోట్ల 60 లక్షల పౌనుల జరిమానా విధించిరి.

ఇందువలన మనము గ్రహింపవలసినది స్పష్టము. ఇట్టి పనికి వేగమొక్కటియే చాలదు. నడుమ ఆగినచో, ఆగినచోటినుండి మరల సాగగలుగవలయును. మరల సాగునపుడు, ఒకమారు వేసిన జీతమును రెండవమారు వేయరాదు. ఏ పని ముగిసినదో, ఏది విఫలమైనదో తెలుపు చిట్టాను ఉదయముననే ఒక మనిషి చదువవలయును. ముందునకు పోవు దారినే గాక, వెనుకకు మరలు దారిని గూడ ముందే నడచి చూడవలయును.

ఈ పనులు చక్కగా నడచినంతకాలము వాని యునికియే మనకు తెలియదు. ఒకటవ తేదీ ఉదయమున జీతము ఖాతాలో చేరినదన్నచో, క్రిందటి రాత్రి ఆ వరుసలో ఒక్క ముడియు జారలేదని యర్థము. అట్లు జారకుండ కనిపెట్టు పనివారి కొలువు కంటికి కనబడనిది. కావుననే వారి జాగ్రత్తకు తగిన కాలమును, ధనమును కేటాయించుట యజమానుల విధియని మేము తలంచుచున్నాము.