నేత మనది, అమ్మకమును మనదే కావలెను
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పూర్వులు తెలంగాణపు పల్లెలనుండి మగ్గము పనిని నమ్ముకొని ఈ షోలాపూరునకు వచ్చి తరములు గడచినవి. నేయుట మనకెవ్వరును నేర్పనక్కరలేదు. అమ్ముట మాత్రము చాలవరకు ఇతరుల చేతిలోనే యున్నది. సరుకును అడితిదారునకు అప్పగించి, అతడు చెప్పిన ధరకు తలయూపి, పైకమునకై నెలల తరబడి ఎదురుచూచుట మన కార్ఖానాదారులకు అలవాటైనది. మేమును వ్యాపారులమే, ఈ మాట మా సాటివారికి రుచింపకపోవచ్చును.

ప్రతి యింటనున్న ఫోను ఈ పద్ధతిని కొంత మార్చగలదు. 2018లో చిన్న వ్యాపారులకొరకు ‘వాట్సాప్ బిజినెస్’ ఉచితముగా వెలువడినది. 2019 నుండి అందులో సరుకుల చిత్రములను ధరలతో జాబితాగా పెట్టు సదుపాయమును కలదు. గూగుల్ పటములో కార్ఖానాను నమోదు చేయుటకును రుసుము లేదు.

అయితే చిత్రము పెట్టినంతమాత్రమున సరుకు అమ్ముడుపోదు. దుకాణమునకు వచ్చినవాడు చద్దరును తడవి చూచును, అంచు లాగి చూచును, చేత నెత్తి బరువు చూచును. దూరముననున్న వానికి ఆ వీలు లేదు గనుక, వాని చేతి పనిని మన మాటలే చేయవలెను. పొడవు వెడల్పులు కొలిచి వ్రాయుడు. చద్దరును తూచి బరువు వ్రాయుడు. టర్కీ తువ్వాలైనచో చదరపు మీటరునకు ఎన్ని గ్రాములో వ్రాయుడు. నూలుతో వేరు దారము కలిసినచో దాచకుడు. తొలి ఉతుకులో రంగు వదలునేని ముందే తెలుపుడు. చిత్రమును ఉదయపు వెలుతురులో వాకిట తీయుడు. ట్యూబులైటు క్రింద రంగు వేరుగా కనబడును, పిమ్మట సరుకు తిరిగివచ్చి రానుపోను ఖర్చు మన నెత్తిన పడును.

షోలాపూరు చద్దరునకును, టర్కీ తువ్వాలునకును భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ప్రకారము ఆ గుర్తును వాడుకొనగోరు ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావలెను. ఐనను వేరుచోట నేసిన దుప్పట్లపై మన ఊరిపేరు వేసి అమ్ముట ఆగలేదు. మీ మగ్గముపై చద్దరు దిగుచుండగా అర నిమిషపు వీడియో తీసి కొనువానికి పంపుడు. మగ్గపు మోతయు వినబడనిండు; మన పేటలలో నిద్ర చెడగొట్టు ఆ మోత ఇక్కడ మనకు సాక్షి.

ఇంట తెలుగు, బజారులో మరాఠీ, ఉత్తరాది వర్తకునితో హిందీ మాటలాడు మనకు భాషల కొదవ లేదు. హైదరాబాదు, వరంగల్లు ఖాతాదారులకు తెలుగుననే వ్రాయుడు. పలికినచో ఫోనే తెలుగున వ్రాసిపెట్టును; కాని తప్పులు దిద్దుటకు మన పిల్లలకు లిపి వచ్చి యుండవలెను గదా!

ఒక హెచ్చరిక. సైనికాధికారినని చెప్పి వందల తువ్వాళ్లు కోరి, డబ్బు పంపుటకని క్యూఆర్ కోడు పంపు మోసగాండ్రు కలరు. డబ్బు ఇచ్చుటకే పిన్ను కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయుడు.

జాబితా పెట్టుట తెలియనివారికి ఆదివారము ఉదయము సంఘపు గదిలో మన యువకులు చూపెదరు. ఒక చద్దరును, కొలతపట్టీని తెచ్చుకొనుడు. తూకము మేము తెప్పించెదము.