చలిసీమ ఇంటిలో అరటి, మన మిద్దెపై పందిరి
(తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేలూరు, గుడియాత్తం పట్టణాలకు బ్రతుకుతెరువు కోసం వచ్చిన మన తెలుగు కుటుంబాలలో చాలామందికి పెరడు అన్నది ఊరిలోనే మిగిలిపోయింది. ఇక్కడ మనకున్నది కాంక్రీటు మిద్దె, గోడవార రెండు కుండీలు. వేసవిలో ఆ మిద్దె పగలంతా త్రాగిన ఎండను రాత్రి మన మంచాల మీద కుమ్మరిస్తుంది. పసిబిడ్డలు, వృద్ధులు ఉన్న ఇళ్లలో ఆ రాత్రులు ఎట్లా గడుస్తాయో మీకు నేను చెప్పనవసరం లేదు. ఈ విషయమై ఆలోచించడానికే చాలా దూరాన, చలిప్రదేశంలో ఉన్న ఒక ఇంటి సంగతి మీ ముందుంచుతున్నాను.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ ఓల్డ్ స్నోమాస్ అనే ప్రదేశం ఉన్నది. ఎత్తులో దాదాపు మన ఊటీ వంటిదే. సముద్రమట్టానికి సుమారు 2,160 మీటర్లు. కాని బహుదూరం ఉత్తరాన ఉండటం చేత అక్కడి చలి ఊటీ చలి కాదు. సున్నాకు 40 డిగ్రీల దిగువకు పోయిన రోజులున్నాయి. అటువంటి చోట ఎమరీ లోవిన్స్ అనే ఇంధన నిపుణుడు 1982-84 నడుమ ఒక ఇల్లు కట్టించారు. ఆ ఇంటి మధ్యభాగం ఒక తోట. బయట మంచు పేరుకొని ఉండగా లోపల అరటి గెల వేస్తుంది. ఒకసారి కాదు, పదుల సార్లు అక్కడ అరటి కోత జరిగింది. బొప్పాయి, మామిడి మొక్కలు కూడా పెంచారు.

ఇందులో మంత్రమేమీ లేదు. దక్షిణం వైపు పెద్ద అద్దాలు అమర్చారు. శీతాకాలపు సూర్యుడు వాలుగా వచ్చి వాటి గుండా లోపలికి ప్రవేశిస్తాడు. ఆ అద్దాల పొరల నడుమ వేడిని వెనుకకు మళ్లించే పలుచని పొర, గాలికన్నా బరువైన వాయువు ఉన్నాయి. సుమారు 40 సెంటీమీటర్ల మందం గల రాతిగోడల మధ్యలో 10 సెంటీమీటర్ల నురుగు పదార్థం నింపారు. రాయి, మట్టి పగటి వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడిచిపెడతాయి. లోపలి పాతగాలి బయటికి పోతూ తన వేడిని లోనికి వచ్చే కొత్తగాలికి అప్పగించి పోతుంది. ఇంటికి కావలసిన వేడిలో దాదాపు 99 శాతం ఇట్లా సమకూరింది. మిగిలిన ఆ కాస్తకు కట్టెల పొయ్యి సరిపోయింది.

నాకు అరటిగెల కన్నా ఆయన ఖర్చు లెక్క ఎక్కువ ముచ్చటగా తోస్తుంది. మంచి అద్దాలకు, దళసరి గోడలకు అదనంగా వ్యయమైంది, నిజమే. కాని ఇంటిని వేడిచేసే యంత్రం, దాని గొట్టాలు కొననవసరమే లేకపోయింది. మిగిలిన ఆ సొమ్ము అదనపు వ్యయాన్ని మించింది. మనం సాధారణంగా ముందు ఇల్లు కట్టి, తరువాత దాని తప్పులను యంత్రంతో దిద్దుతాము. ప్రతి నెలా ఆ దిద్దుబాటుకు కరెంటు బిల్లు కడతాము.

"తనంత తాను బ్రతికే తోట" అన్న మాటను మాత్రం కొంచెం తగ్గించి వినాలి. అరటిని ఎరిగిన వారు మీలో ఎందరో ఉన్నారు. గెల వేసిన చెట్టు పోతుంది, పిలక నిలుస్తుంది. గెలతోబాటు మట్టిలోని పొటాషు కూడా పోతుంది. ఎరువు తిరిగి పోయకపోతే మూడవ పిలక నాటికే గెల చిక్కిపోతుంది. ఏ గాజుతోటకైనా ఒక మనిషి చేయి కావలసిందే.

ఇక మన సంగతి. ఆ ఇంటిని చూచి ఇక్కడ గాజుగది కట్టితే మొక్కలు ఉడికిపోతాయి. ఏ.సి. పెట్టి స్ట్రాబెర్రీ పండించడం అంతకన్నా వృథా. అక్కడ కావలసిన వేడిని సూర్యుడు ఉచితంగా ఇస్తాడు. ఇక్కడ కావలసిన చల్లదనాన్ని మనం కొనవలసి వస్తుంది. మనం నేర్వవలసినది అరటిని కాదు, ఎండ దారిని గమనించడాన్ని. వేలూరులో ఏప్రిల్ చివర, మరల ఆగస్టు నడుమ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి మన ఇంటికి వేడి వచ్చే ప్రధాన ద్వారం కప్పు. దాని తరువాత పడమటి గోడ. వెనుకటి మద్రాసు మిద్దెలు ఇటుక, సున్నపు దళసరి కప్పుతో ఆ వేడిని ఆలస్యం చేసేవి. పలుచని కాంక్రీటు ఆ పని చేయదు. దానికి తెల్లసున్నం, ఆపైన తీగల నీడ కావాలి.

మిద్దెపై చిక్కుడు, కాకర, పొట్ల పందిరి వేయండి. పందిరి క్రింద కొత్తిమీర చల్లండి. మండుటెండలో అది మొలకెత్తిన కొద్దినాళ్లకే పూతకు వచ్చి చెడిపోతుంది. నీడలో మరికొన్నాళ్లు ఆకు ఇస్తుంది. మన వేసవికి కొత్తిమీరే పరదేశపు పంట! ఎండకు వెరవని పంట కావాలంటే భౌగోళిక గుర్తింపు పొందిన మన వేలూరు ముల్లు వంకాయ ఉండనే ఉన్నది.

బియ్యం, కూరలు కడిగిన నీరు నేరుగా కుండీలకు పోయవచ్చు. బట్టల సబ్బునీరు ఆకుకూరలకు వద్దు. వంటింటి తడిచెత్తను ఎండుటాకులతో కలిపి మగ్గబెడితే ఎరువు ఇంటిలోనే తయారవుతుంది. వీధి తొట్టికి పోయే బరువూ తగ్గుతుంది. 2003 నుండి మన రాష్ట్రంలో వాననీటి సేకరణ తప్పనిసరి. మిద్దెపై రాలిన ఆకులు ఆ గొట్టాలకు అడ్డుపడకుండా వానకు ముందే ఊడ్చివేయండి.

రెండు హెచ్చరికలు మాత్రం గట్టిగా చెప్పాలి. మిద్దెపై మట్టి పరచకండి. 15 సెంటీమీటర్ల తడిమట్టి చదరపు మీటరుకు 250 కిలోలకు పైగా తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దెను సాధారణంగా 150 కిలోల అదనపు బరువు లెక్కతోనే కడతారు. కొబ్బరిపొట్టు కలిపిన తేలికమట్టిని సంచులలో నింపి, గోడలకు, దూలాలకు నేరుగా పైన పెట్టండి. పాత కట్టడమైతే ముందు ఇంజనీరుకు చూపండి. రెండవది, కుండీల క్రింది పళ్లేలలో నీరు నిలువనీయకండి. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేవరకు ఎదగడానికి సుమారు వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒక్కసారైనా వాటిని ఒలకబోసి తుడవాలి.

అద్దెకు ఉన్నవారు ఇంటి యజమానితో ముందే మాట్లాడటం మంచిది. సంచులు, వెదురు గుంజలు ఇల్లు మారినప్పుడు మనతోనే వస్తాయి. సంక్రాంతి నాటికి విత్తనం పడితే ఉగాది దాటేసరికి తీగ పందిరికి ఎక్కుతుంది; నడినెత్తిన సూర్యుడు వచ్చేనాటికి నీడ సిద్ధంగా ఉంటుంది.