సామాన్లు మార్చే ముందు బండి చెప్పేది వినండి

(కదిరిలో సంఘం సభ్యుల సమావేశంలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



పంట గురించి చెప్పేదానికి మీలో నాకంటే తెలిసినవాళ్ళు ఉన్నారు. పంటను మండీకి చేర్చే బండి గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

పోయిన టమోటా సీజన్లో మన సభ్యుడొకాయన పదిహేనేళ్ళు దాటిన డీజిల్ పికప్ తీసుకొని నా దగ్గరికి వచ్చినాడు. మదనపల్లెకు లోడు పోతా ఉంటే తనకల్లు దాటినాక ఇంజన్ ఆగింది. పావుగంట నిలబెడితే స్టార్ట్ అయింది. ములకలచెరువు దగ్గర మళ్ళా ఆగింది. మండీకి చేరేసరికి వేలం అయిపోయింది. అంతకుముందే ఆయన అప్పు తెచ్చి డీజిల్ పంపు విప్పించి బాగు చేయించినాడు. అయినా రోగం పోలేదు.

కడకు దొరికింది ఏందంటే, ట్యాంకు మూత! మూతకు గాలి పోయే సన్న రంధ్రం దుమ్ముతో పూడింది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. బండి నిలబెడితే మెల్లగా గాలి చేరుతుంది, మళ్ళా స్టార్ట్ అవుతుంది. ఇది కనుక్కునేదానికి పైసా ఖర్చు లేదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, ఇంజన్ తొందరగా లేస్తుంది. అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పూర్తిగా చెడిపోయిన బండిని బాగు చేయడం సులభం. అప్పుడప్పుడూ ఆగే బండి షెడ్డుకు వస్తే బుద్ధిమంతురాలి మాదిరి నడుస్తుంది. మెకానిక్ ఊహించి ఒక సామాను మారుస్తాడు, ఆ ఊహకు డబ్బు మీరు కడతారు. బండి ఆగినప్పుడు అక్కడ ఉండేది మీరు. కాబట్టి సాక్ష్యం మీ దగ్గరే ఉంటుంది.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇట్లాంటి ఇంజన్‌ను మన చెనక్కాయ నూనెతోనే నడిపి చూపించినారు. (నవ్వులు) మీరు పోయొద్దండి, మన పంపులు, ఇంజెక్టర్లు దానికి చేసినవి కావు. నేను చెప్పేది ఏందంటే, పాత ఇంజన్ ఆగిందంటే ముందుగా అనుమానించాల్సింది రెండింటిని. ఒకటి డీజిల్ సరిగా అందకపోవడం. రెండోది డీజిల్‌ను ఆపే సొలినాయిడ్‌కు కరెంటు పోవడం.

ఆగే తీరును బట్టి తేడా తెలుస్తుంది. తాళం తిప్పినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు చూడండి. బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు, ఫ్యూజు, తాళం స్విచ్చి. సొలినాయిడ్ వైరుకు ఒక టెస్ట్ ల్యాంపు తగిలించి డ్రైవరుకు కనపడేటట్టు పెట్టండి. ఇంజన్ ఆగేటప్పుడు ల్యాంపు కూడా ఆరితే తప్పు వైరులోనో, స్విచ్చిలోనో ఉంది. ల్యాంపు వెలుగుతానే ఇంజన్ ఆగితే సొలినాయిడ్‌ను, డీజిల్ దారిని చూడాలి.

దగ్గి, జర్కులు కొట్టి, మెల్లగా ఆగితే డీజిల్ అందడం లేదు. ట్యాంకు మూత, ట్యాంకులో జల్లెడ, ఫిల్టరు, రబ్బరు పైపులు వరసగా చూడండి. మన ఎండలకు పైపు పగులుతుంది. బయటికి డీజిల్ కారదు, కానీ పంపు లాగేటప్పుడు ఆ పగుల్లోంచి గాలి లోపలికి పోతుంది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య డీజిల్‌కు పనికొచ్చే పారదర్శకపు పైపు ముక్క వేసి చూస్తే బుడగలు కనపడతాయి. మందు కొట్టే స్ప్రేయర్ పైపు మాత్రం తగిలించొద్దు, డీజిల్‌కు అది పనికిరాదు.

ఇంకొక పరీక్ష. బండి నిలబెట్టి, బీడీలు ఆర్పేసి, ట్యాంకును వదిలి శుభ్రమైన క్యాను నుంచి డీజిల్ ఇవ్వండి. రిటర్న్ పైపు కూడా ఆ క్యానులోనే పెట్టండి. మామూలుగా ఎంతసేపటికి ఆగుతుందో అంతసేపు రేజ్ చేసి ఉంచండి. ఆగకపోతే అనుమానం ట్యాంకు మీదికి, దాని పైపుల మీదికి పోతుంది. పంపు విప్పే మాట దీని తర్వాతే.

మోటార్లకని డ్రమ్ముల్లో డీజిల్ పెట్టుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. గుడ్డతో వడకడితే చెత్త ఆగుతుంది గానీ నీళ్ళు ఆగవు. నీళ్ళు అడుగున ఉంటాయి, అడుగుది బండిలో పోయొద్దు. ఫిల్టరు కింద డ్రెయిన్ స్క్రూ వదిలి గాజు సీసాలోకి పట్టండి, నీళ్ళుంటే కిందికి దిగి వేరుగా కనపడతాయి.

ఇదంతా పాత మెకానికల్ పంపు బండ్లకు. కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ పైపులు మీరు విప్పొద్దు, స్కానర్ పెట్టించండి.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టరులో రెండు మూడు తొక్కుళ్ళకే బలం మిగులుతుంది. తర్వాత పెడలు రాయి మాదిరి అవుతుంది. పదేపదే తొక్కొద్దు. ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టి, పక్కకు తీసి నిలబెట్టండి. బండి కదులుతా ఉన్నప్పుడు తాళం తీయొద్దు, స్టీరింగ్ లాక్ అవుతుంది. నిలిచినాక చక్రాలకు రాళ్ళు పెట్టండి. ఆగే జబ్బున్న బండిలో కూలీలను ఎక్కించుకొని ఘాట్ దిగొద్దు. మండీ పోతే ఒక పంట డబ్బు పోతుంది. బండి బోల్తా పడితే ఇల్లే కూలిపోతుంది.

కాబట్టి బండిలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఎక్కడ ఆగింది, ఎట్లా ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, లోడు ఎంత, ఎత్తా దిగుడా, ఏం చేస్తే లేచింది, ఈ ఆరు రాయండి. షెడ్డుకు పోయినప్పుడు ముందు ఆ పుస్తకం చూపించండి. "ఈ సామానే పోయిందని ఎట్లా తెలిసింది?" అని అడగండి. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. ఇట్లా అడిగితే మంచి మెకానిక్‌కు కోపం రాదు. నాకైతే సగం పని తగ్గుతుంది.

సెలవు.