చెవి వినిపించని బిడ్డకు డ్రైవింగు లైసెన్సు
(ఆసుపత్రిలో ఉదయ ప్రార్థన తరువాత రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)

మీ వాళ్ళు లోపల మంచం మీద ఉండగా ఇక్కడ కూర్చుని వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. ఈ రోజు మందుల గురించి కాదు, ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం.

మగవారి ఎముకల వార్డుకు బండి మీద నుండి పడినవాళ్ళు రాని వారం లేదు. కొంతకాలం క్రితం ఒక వడ్రంగి కుర్రవాడు వచ్చాడు. వయసు ఇరవై నాలుగు, పుట్టు చెవుడు. కుక్క అడ్డం వచ్చి పడ్డాడు, మెడ దగ్గరి ఎముక విరిగింది. కుక్క అడ్డం వస్తే చెవులు బాగా వినిపించేవాడైనా పడతాడు, అది వేరే సంగతి. పోలీసులు వచ్చి వివరాలు రాసుకుంటూ లైసెన్సు అడిగారు. లేదు. ఆరేళ్ళుగా నడుపుతున్నాడు, పనిముట్ల సంచి ముందు పెట్టుకుని రోజూ ఇరవై కిలోమీటర్లు వెళ్ళి వస్తాడు. "చెవిటోడికి లైసెన్సు ఎవరిస్తారు సిస్టరమ్మా? అందుకే అడగలేదు" అన్నది వాళ్ళమ్మ.

ఆ తల్లి అన్న మాట మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఉంది. ఆ మాట నిజం కాదు. వినికిడి లేనివారికి లైసెన్సు వస్తుంది. రాదు అనుకుని లైసెన్సు లేకుండా నడిపించడమే అసలు ప్రమాదం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తరువాత లైసెన్సు లేకుండా నడిపినవారికి ఐదు వేల రూపాయల జరిమానా ఉంది. తన బండిని అలాంటివారికి ఇచ్చిన యజమానికి కూడా అంతే. బండి నాన్న పేరు మీద ఉంటుంది కదా, కనుక నాన్న కూడా కట్టాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇన్సూరెన్సుతో. అవతలి మనిషికి దెబ్బ తగిలి నష్టపరిహారం ఇవ్వవలసి వస్తే, కంపెనీ ఆ సొమ్మును లైసెన్సు లేదనే కారణం మీద బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ఎకరం పొలం ఉన్నవాళ్ళు ఆ పొలం అమ్ముకోవలసి వస్తుంది.

మరి చట్టం ఏమంటుంది? 1988 నాటి చట్టంలో, ఇతరులకు ప్రమాదం కలిగించే జబ్బు గానీ లోపం గానీ ఉన్నవారికి లైసెన్సు ఇవ్వకూడదని ఉంది. 1989 నియమాలతో వచ్చిన ఫారంలో, మామూలు శబ్ద సంకేతాలు వినలేనంత చెవుడు మీకు ఉందా అని ఒక ప్రశ్న పెట్టారు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే చాలా ఏళ్ళు ఆఫీసులలో తిప్పి పంపించారు. జాతీయ బధిరుల సంఘం వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. 2011 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. పరీక్షలో నెగ్గగలిగిన మనిషిని చెవుడు ఉందన్న ఒక్క కారణంతో కాదనకూడదని దాని సారాంశం. తరువాత 2016లో కేంద్ర రవాణా శాఖ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల అభిప్రాయం తీసుకుని రాష్ట్రాలకు లేఖ రాసింది. బండి నడపడం ముఖ్యంగా కంటితో చేసే పని, అందులో చెవి పాత్ర చాలా తక్కువ అని ఆ వైద్యులు చెప్పారు. బ్రిటనులో అయితే కారు, మోటారు సైకిలు నడిపేవారు తమకు చెవుడు ఉందని లైసెన్సు శాఖకు తెలియజేయవలసిన పని కూడా లేదు. బస్సు, లారీ నడిపేవారు మాత్రం చెప్పాలి. నేను కూడా ఈ రోజు సొంత బండి గురించే చెబుతున్నాను.

"అక్కడ హారను కొట్టరు సిస్టర్, మన దగ్గర హారను లేనిదే బండి కదలదు" అని మీరు అనవచ్చు. సబబే. మన లారీల వెనుక హారను కొట్టమని రాసి ఉంటుంది. కానీ అద్దాలు బిగించి, ఏ.సి. వేసి, పాటలు పెట్టుకున్న కారు డ్రైవరుకు ఎంత వినిపిస్తుంది? ఆయనను ఎవరూ లైసెన్సు వద్దనలేదు కదా.

ఇప్పుడు నర్సుగా నాకు ముఖ్యమైన విషయం చెబుతాను. చెవుడు బండి నడపడానికి అడ్డు కాదు గాని, చెవుడుతో కలిసి వచ్చే రెండు జబ్బులు అడ్డు కావచ్చు. మొదటిది కళ్ళు తిరగడం. లోపలి చెవిలోనే వినికిడి, శరీరం తూలకుండా నిలబెట్టే శక్తి రెండూ ఉన్నాయి. అక్కడ జబ్బు చేసి, ఉన్నట్టుండి గదంతా గిర్రున తిరిగినట్టు అయ్యేవారు అది తగ్గేవరకు హ్యాండిలు పట్టుకోకూడదు. రెండవది రేచీకటి. అషర్ సిండ్రోము అనే వంశపారంపర్య జబ్బులో బిడ్డ చెవుడుతో పుడుతుంది. పెరిగే కొద్దీ కంటి లోపలి తెర చెడి, ముందు చీకటి వేళ చూపు, తరువాత పక్క చూపు తగ్గుతాయి. మేనరికపు పెళ్ళిళ్ళు ఉన్న కుటుంబాలలో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ. మన వైపు మేనరికాలు ఎన్నో మీకు వేరే చెప్పనక్కరలేదు. చెవి వినిపించని పిల్లవాడు సాయంత్రం వేళ గడప తన్నుకుంటున్నా, పక్కన పెట్టిన చెంబు చూడక తన్నేస్తున్నా "వీడికి తొందర" అని తిట్టకండి. కళ్ళ డాక్టరుకు చూపించండి. వినికిడి లేని మనిషికి రోడ్డు మీద కళ్ళే చెవులు. లైసెన్సు మాట ఎత్తకముందే కంటి లోపలి తెర పరీక్ష చేయించాలని మా అందరి సలహా.

ఇక కాగితాల పని. వినికిడి పరీక్ష చేయించి, వైద్య బోర్డు నుండి వికలాంగుల ధృవపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. రెండు చెవులలో 70 డెసిబెళ్ళ లోపం ఉంటే చట్టం బధిరులు అంటుంది, 60 నుండి 70 ఉంటే వినికిడి మందగించినవారు అంటుంది. ఎల్.ఎల్.ఆర్. దరఖాస్తులో చెవుడు గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. "లేదు అని పెట్టేయండి, నేను చూసుకుంటా" అని ఏజెంటు అంటాడు. వినకండి. అబద్ధం చెప్పి తెచ్చుకున్న లైసెన్సును రద్దు చేసే అధికారం వాళ్ళకు ఉంది. నిజం రాసి, 2016 నాటి కేంద్ర లేఖ ప్రతిని జతచేయండి. కాదంటే గొడవ పడకండి, కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. అలా ఇవ్వవలసిందేనని చట్టంలోనే ఉంది. ఆ ఉత్తర్వు అందిన 30 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు కూడా అర్జీ పెట్టుకోవచ్చు.

ఎల్.ఎల్.ఆర్. పరీక్ష తెర మీద చదివి జవాబు నొక్కేది కాబట్టి మన పిల్లలకు అనుకూలమే. నూటికి అరవై వస్తే చాలు. చదువు తక్కువైన పిల్లలకు మాత్రం రోడ్డు గుర్తుల బొమ్మలు ముందుగా ఇంట్లో నేర్పాలి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు నిండిన తరువాత ట్రాకు మీద పరీక్షకు వెళ్ళవచ్చు. అక్కడే చిక్కు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు వెనుక నుండి "ఆపు" అంటారు, పిల్లవాడికి వినిపించదు, తప్పాడని రాస్తారు. అందుకని మీలో ఒకరు వెంట వెళ్ళి, బండి ఎక్కకముందే ఆయనతో వినయంగా చెప్పి, ఆగు, కుడి, ఎడమ అనే చేతి సైగలు ముగ్గురూ ఒప్పుకోవాలి. మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు ప్రభువు చెవిటివాని స్వస్థపరచిన సంగతి మీరు చదివే ఉంటారు. ఆయన ముందు ఆ మనిషిని గుంపులో నుండి పక్కకు తీసుకువెళ్ళాడు, చెవులలో వేళ్ళు పెట్టాడు, నాలుక ముట్టాడు. నోటితో మాట పలికింది ఆ తరువాత. ఆ మనిషికి అర్థమయ్యే చేతి భాషతోనే మొదలుపెట్టాడని నాకు అనిపిస్తుంది.

హెల్మెట్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చెవి వెనుక పెట్టుకునే మిషను మీద హెల్మెట్టు పడితే అది కీచుమని కూస్తుంది, నొప్పి కూడా పెడుతుంది. దానితో పిల్లలు హెల్మెట్టు తీసి ట్యాంకు మీద పెట్టుకుంటారు. ఇది నాకు ఎంతో బాధ కలిగించే పని. తీయవలసింది మిషను, హెల్మెట్టు కాదు. మిషనును దాని డబ్బీలో పెట్టి చొక్కా లోపలి జేబులో వేసుకోండి, తల కాపాడుకోండి. కాక్లియర్ ఇంప్లాంటు పిల్లలకైతే ఇంకా జాగ్రత్త. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 తరువాతి ఏళ్ళలో చిన్నతనంలో ఆ ఆపరేషను జరిగిన పిల్లలు కొందరు ఇప్పుడు బండి అడిగే వయసుకు వచ్చారు. లోపలి పరికరం ఎముక మీదే ఉంటుంది, అక్కడ దెబ్బ తగలకూడదు. హెల్మెట్టు కొనేముందు ఆపరేషను చేసిన డాక్టరుకు చూపించి, కాయిలు ఉన్నచోట నొక్కకుండా ఉన్నదే తీసుకోండి.

బండికి రెండు అద్దాలూ ఉండాలి. ఫ్యాషను అని విప్పేసేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు, ఈ పిల్లల బండికి మాత్రం అది కుదరదు. కొన్ని క్షణాలకు ఒకసారి అద్దంలోకి చూడడం అలవాటు కావాలి. ఇండికేటరు టిక్కుటిక్కుమనడం వినిపించదు గనుక మలుపు తిరిగాక అది ఆపారో లేదో దీపం చూసి తెలుసుకోవాలి. ముందు బండ్లన్నీ ఒక్కసారిగా పక్కకు జరుగుతుంటే వెనుక 108 వస్తోందేమో చూసుకోవాలి. వెనుక చెవి గుర్తు మీద అడ్డగీత ఉన్న స్టిక్కరు అంటించండి. కొందరు సిగ్గుపడతారు. వెనుక లారీ అతనికి ఈ మనిషి కావాలని దారి ఇవ్వడం లేదని కోపం రాకుండా ఉండాలంటే అది అవసరం.

పోలీసులు ఆపితే కంగారుగా జేబులో చెయ్యి పెట్టకూడదు. "నాకు వినిపించదు, దయచేసి రాసి చూపండి" అని తెలుగులో రాసిన చిన్న కార్డు లైసెన్సుతో పాటు ఉంచండి.

లైసెన్సు వచ్చాక గడువు చూసుకోవాలి. ముప్ఫై ఏళ్ళ లోపు తీసుకుంటే నలభై ఏళ్ళు వచ్చేవరకు, ముప్ఫై నుండి యాభై మధ్యలో అయితే పదేళ్ళు ఉంటుంది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుండి, ముగిసిన ఏడాది లోపల మళ్ళీ రాయించుకోవచ్చు. ఏడాది దాటితే మళ్ళీ ట్రాకు పరీక్షే. గడువు అయిపోయిన మరునాటి నుండి నడిపితే లైసెన్సు లేనట్టే. నలభై దాటినవారికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆ డాక్టరు గారి దగ్గరకు పాత లైసెన్సు, పాత ఆడియోగ్రాము రెండూ తీసుకువెళ్ళండి. ఇంట్లో వినికిడి లేని బిడ్డ ఉన్నవారు ఎవరైనా ఉంటే ప్రసంగం తరువాత కాసేపు ఆగండి. పేరు, వయసు రాసుకుని చెవి, కంటి పరీక్షలకు చీటీ ఇస్తాను.