రిటైరైన తరువాత: జనరల్ కె.వి. కృష్ణారావు గారి జీవితం

(బంజారా హిల్స్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై అయిదేళ్లు ఫైళ్లు కదిపిన గుమాస్తాకి సైన్యాధిపతి గురించి మాట్లాడే అర్హత ఏమిటని మీరనుకోవచ్చు. నిజమే. కూతవేటు దూరంలో ఉన్న ఫిలింనగర్‌లో యూనిఫారం తొడిగిన వీరులు ఎందరో తయారవుతుంటారు. నేను చెప్పేది నిజంగా తొడిగిన మన తెలుగువాడి గురించి.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన కొటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1923లో జన్మించారు. 1942లో, పందొమ్మిదో ఏట, మహర్ రెజిమెంటులో అధికారిగా చేరారు. 1971 యుద్ధంలో ఆయన నడిపిన 8వ పర్వత డివిజన్ సిల్హెట్ ప్రాంతాన్ని విముక్తం చేసింది. హెలికాప్టర్లలో గూర్ఖా జవాన్లను శత్రువు ముంగిట దింపిన ఘనత ఆ డివిజన్‌దే. అప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. రేడియో చుట్టూ మూగి వార్తలు వినేవాళ్లం.

గుమాస్తాగా నన్ను ఆకట్టుకున్నది మరొకటుంది. 1975లో ఆయన అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. రాబోయే పాతికేళ్లకు సైన్యం ఎలా ఉండాలో ఆలోచించి నివేదిక రాశారు. సైన్యాన్ని ఆధునిక యుద్ధవాహనాలతో యంత్రసజ్జితం చేయడానికి అది దారి చూపింది. 1981 నుండి 1983 వరకూ ఆయనే సైన్యాధిపతి. కాగితం మీది పని కూడా దేశరక్షణే సుమండీ!

1983లో రిటైరయ్యారు. మనలో చాలామంది కథ అక్కడితో ఆగుతుంది. ఆయన మాత్రం 1984లో ఈశాన్య రాష్ట్రాలకు గవర్నరుగా వెళ్లారు. 1989లో జమ్మూ కాశ్మీరుకు వెళ్లి, 1990 జనవరిలో వదిలి వచ్చారు. 1993లో, డెబ్భయ్యో ఏట, మళ్లీ అక్కడికే రమ్మంటే వెళ్లారు. 1995 గణతంత్ర దినోత్సవాన జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు, ఆయన బయటపడ్డారు. అయినా 1998 వరకూ అక్కడే ఉన్నారు. 1987 తరువాత జరగని అసెంబ్లీ ఎన్నికలు ఆయన హయాములోనే 1996లో జరిగాయి. 2016లో, 92వ ఏట, కన్నుమూశారు.

నేను 2008లో రిటైరయ్యాను. మర్నాడు అలవాటు చొప్పున స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, వెళ్లే చోటు లేక వరండాలో కూర్చున్నాను. ఇక మనతో ఎవరికేం పని అనుకుంటూ రెండేళ్లు గడిపాను. తరువాత భర్తను పోగొట్టుకున్న మా వీధి ఇల్లాలు ఒకామె ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకుని వచ్చింది. ఏ కాగితం జత చేయాలో, ఎక్కడ సంతకం పెట్టాలో తెలియక నెలల తరబడి తిరుగుతోందట. నాకది అరగంట పని!

గవర్నరు పదవులు మనకు రావు. మనకు తెలిసిన పని అడిగేవారు మాత్రం వీధివీధినా ఉన్నారు. వారానికి రెండు గంటలు మన సంఘం గదిలో కూర్చుని అలాంటివారి కాగితాలు చూద్దాం. మొదటి పేరు నాది రాసుకోండి.